‘సంసారం’లో వలస ఎంత, పునర్జన్మ ఎంత?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. ఇంగ్లీషు వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నారు. అందులో ‘ట్రాన్స్‌మైగ్రేషన్’ అనే మాట తగిలింది. నిఘంటువు చూస్తే వలస అనీ ఉంది, పునర్జన్మ అనీ ఉంది. మీరు "ఆత్మ ఒక దేహం నుంచి మరో దేహానికి వలస వెళ్తుంది" అని రాశారు. ఒకరు అది తప్పన్నారు. ఇంకొకరు, మన ‘సంసారం’ అనే మాటకి అసలు అర్థం అదే కదా అన్నారు. సంసారం అంటే ఇల్లూ పిల్లలూ కదా, ఈ తిరకాసు ఏమిటని మీ సందేహం. మీది ఆమదాలవలస కాబట్టి ఊరి పేరులో ఉన్న వలసకీ దీనికీ చుట్టరికం ఉందా అని కూడా అడిగారు.

రెండో ఆయన చెప్పింది నిజం. మొదటి ఆయన చెప్పింది కూడా నిజమే, కాకపోతే కారణం ఆయన చెప్పినట్టు వ్యాకరణం కాదు.

మాట పుట్టుక నుంచి మొదలుపెడదాం. సంసారంలో ఉన్న ధాతువు ‘సృ’. ధాతుపాఠంలో దాని అర్థం ‘గతౌ’, అంటే వెళ్లడం, కదలడం, పారడం. దానికి ముందు ‘సమ్’ అనే ఉపసర్గ చేరింది. వెనక ‘ఘఞ్’ అనే ప్రత్యయం చేరింది. ఆ ప్రత్యయంలో మిగిలేది ఒక్క అకారమే, కానీ అందులోని ఞకారం వల్ల ధాతువులోని ఋకారానికి వృద్ధి వచ్చి ‘ఆర్’ అవుతుంది. సృ కాస్తా సార్ అయింది, అకారం కలిసి సార అయింది. సమ్‌లోని మకారం సకారం ముందు సున్నా అయింది. మొత్తం మీద సంసారం అంటే కదులుతూ పోవడం, ఒకదాని వెంట ఒకటిగా సాగిపోవడం. ఇల్లు లేదు, పిల్లలు లేరు, ఆ మాటకొస్తే జన్మ కూడా లేదు. ఉన్నది నడక ఒక్కటే.

దీని తోబుట్టువుల్ని మీరు రోజూ వాడుతూనే ఉన్నారు. రేడియో ప్రసారం, రక్తప్రసరణ, ‘దాని ప్రకారం’ అనే అర్థంలో అనుసారం, దారి అనే అర్థంలో సరణి, ఏరు అనే అర్థంలో సరిత్తు, ప్రియుణ్ని వెతుక్కుంటూ చీకట్లో బయల్దేరే అభిసారిక. అన్నింట్లోనూ ఏదో ఒకటి కదులుతోంది. కానీ సంసర్గం, సర్గం ఈ ఇంటివి కావు, అవి ‘సృజ్’ (వదలడం, సృష్టించడం) నుంచి వచ్చాయి. సర్పం ‘సృప్’ (పాకడం) నుంచి వచ్చింది. సంచారం ‘చర్’ నుంచి. అర్థం దగ్గరగా ఉందని వీటిని ఒకే గాటన కట్టేసిన వ్యాసాలు చాలా కనిపిస్తాయి, నమ్మకండి.

ఇంకో వాడుక వ్యుత్పత్తి ఉంది: సం + సారం, అంటే మంచి సారం ఉన్నది. దీనికి ఎదురుగా సంసారంలో సారమే లేదని వేదాంతం. ఈ రెండింటి మీదా ఆడుకుంటూ పాతకాలపు చాటుశ్లోకం ఒకటి, ‘అసారే ఖలు సంసారే సారం శ్వశురమందిరమ్’ అంటుంది. సారం లేని ఈ సంసారంలో ఉన్న సారమల్లా అత్తారిల్లేనట, అందుకే శివుడు హిమాలయంలో, విష్ణువు పాలసముద్రంలో పడుకున్నారట! ఇది చమత్కారమే తప్ప వ్యుత్పత్తి కాదు. అయితే పూర్తిగా గాలి మాట కూడా కాదు. పాణిని ‘సారం’ (గట్టిదనం, నిలిచి ఉండేది) అనే మాటని కూడా ఇదే సృ ధాతువు నుంచి సాధించాడు. అష్టాధ్యాయిలో 3.3.17వ సూత్రం ‘సృ స్థిరే’, నిలకడ అనే అర్థంలో సారం. దాని పక్కనే 3.3.18 ‘భావే’, చర్య అనే అర్థంలో సంసారం. ఒకే ధాతువు, ఒకే ప్రత్యయం, పక్కపక్క సూత్రాలు. ఒకదాంట్లో నిలిచేది, మరొకదాంట్లో నిలవనిది.

ఈ కదలిక ఎంత మామూలు కదలికో చూడాలంటే అమరకోశం తెరవండి. భూమివర్గంలో ‘ఘణ్టాపథః సంసరణమ్’ అని ఉంటుంది. సంసరణం అంటే రాజమార్గం. గంటలు కట్టిన ఏనుగులు, సేనలు ఇరుకు లేకుండా సాగిపోయే పెద్ద రోడ్డు. అమరసింహుడు ఇప్పుడుంటే ఇచ్ఛాపురం నుంచి రణస్థలం మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిని సంసరణం అనే రాసేవాడు. ప్రత్యయం వేరు (ల్యుట్), ధాతువూ ఉపసర్గా అవే.

మరి రోడ్డు మీది మాట జన్మల మీదికి ఎలా ఎక్కింది? రోడ్డు పోలికతోనే ఎక్కింది. ఈ అర్థంలో సంసారం అనే మాట కనిపించే పాత చోట్లలో కఠోపనిషత్తు ఒకటి (1.3.7). అక్కడి సందర్భం చూడకుండా ఒక్క ముక్క పట్టుకుంటే విషయం జారిపోతుంది. అక్కడ నడుస్తున్నది రథం పోలిక. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. పగ్గాలు వదిలేసినవాడు చేరాల్సిన చోటికి చేరడు, ‘సంసారం చాధిగచ్ఛతి’, సంసారంలోకి పోతాడు. పగ్గాలు బిగించి పట్టినవాడు దారి చివరికి చేరతాడు (‘అధ్వనః పారమ్’, 1.3.9). అంటే ఇక్కడ సంసారం గమ్యం దొరకని ప్రయాణం. రథం ఆగదు, ఊరు రాదు.

ఆ మాట వాడకుండానే దారి మొత్తం చెప్పింది ఛాందోగ్యం (5.10). యజ్ఞాలు, దానధర్మాలు చేసినవాడు పొగలోకి, పొగ నుంచి రాత్రికి, కృష్ణపక్షానికి, దక్షిణాయనపు ఆరు నెలలకి, పితృలోకానికి, ఆకాశానికి, చంద్రుడికి. పుణ్యం ఉన్నంతకాలం అక్కడ ఉండి, వెళ్లిన దారినే వెనక్కి: ఆకాశం, గాలి, పొగ, మంచు, మబ్బు, వాన. వానతో కిందపడి వరి, యవలు, నువ్వులు, మినుములుగా మొలుస్తాడు. అక్కడి నుంచి బయటపడటమే అన్నిటికన్నా కష్టం అంటుంది ఉపనిషత్తు. ఎందుకంటే ఆ గింజని ఎవరో ఒకరు తినాలి, తిన్నవాడికి సంతానం కలగాలి, అప్పుడు గానీ మళ్లీ పుట్టుక లేదు. జూన్‌లో ఆకుమడి పోసి వాన కోసం ఆకాశం వైపు చూసే మన జిల్లా రైతుకి ఈ మార్గం ఎవరూ బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు.

బృహదారణ్యకం (4.4.3) దగ్గరి పోలిక ఇచ్చింది, ‘తృణజలాయుక’. గడ్డిపరక మీద పాకే పురుగు. పరక చివరికి వచ్చాక ముందుభాగం చాచి పక్క పరకని పట్టుకుంటుంది. పట్టు దొరికాకే వెనక కాళ్లు వదిలి ఒళ్లంతా కూడగట్టుకుని అటు చేరుతుంది. చేలో వరి ఆకు మీద ఆకుపచ్చ పురుగుని ఒక్క నిమిషం చూడండి, ఆ మధ్యలో ఒక క్షణం అది రెండు ఆకుల మీదా ఉంటుంది. మీ అనువాదానికి ఇది అక్కరకొచ్చే విషయం. వలస వెళ్లేవాడు ఇల్లు తాళం వేసి వెళ్తాడు, ఈ పురుగు కొత్త ఆకు పట్టు చిక్కకుండా పాత ఆకు వదలదు.

బౌద్ధుల దగ్గరికి వచ్చేసరికి మాట అదే, లోపలి లెక్క మారింది. ధమ్మపదంలో (153) ‘అనేకజాతి సంసారం సంధావిస్సం’ అని ఉంది. ఎన్నో జన్మల సంసారంలో పరుగెత్తాను, ఇల్లు కట్టేవాణ్ని వెతుకుతూ. సంసారం అనే నడకా, ఇల్లు అనే మాటా ఒకే చోట, ఎదురెదురుగా. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, నెల్లిమర్ల దగ్గర రామతీర్థంలో బౌద్ధ ఆరామాలు ఉన్న కాలంలో ఇది అక్కడ రోజూ వినబడిన మాటే అయి ఉండాలి. కానీ బౌద్ధంలో ఇక్కడి నుంచి అక్కడికి దాటే శాశ్వతమైన ఆత్మ లేదు. మిళిందపన్హ అనే పాళీ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు దీపం పోలిక చెబుతాడు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపం నుంచి ఏదైనా లేచి రెండోదానికి వెళ్లిందా? వెళ్లలేదు, అయినా రెండోది మొదటిదాని వల్లే వెలిగింది. అందువల్ల మీ వ్యాసం బౌద్ధం గురించైతే "ఆత్మ వలస వెళ్తుంది" అన్న వాక్యంలో వలస కన్నా ముందు ఆత్మే తప్పు. అక్కడ ‘పునర్భవం’ వాడండి, కర్తగా ఆత్మని పెట్టకండి.

జైనంలో జీవుడు ఉన్నాడు, తిరగడమూ ఉంది. దేవ, మనుష్య, తిర్యక్, నారక అని నాలుగు గతులు. గతి అన్నా వెళ్లడమే. "గతిలేక వలసపోయాడు" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో చూడండి, ఒక వాక్యంలో రెండు ప్రయాణాలు.

ఇప్పుడు ఇంటి సంగతి. నడక ఇల్లెలా అయింది? మెట్లు ఇవి. జన్మల వెంట తిరగడం. ఆ తిరుగుడు సాగే చోటు, అంటే ఈ లోకం. లోకంలో బతుకు, అంటే సన్యాసి కానివాడి బతుకు. సన్యాసి కానివాడంటే గృహస్థు, కాబట్టి ఇల్లు, ఆలుబిడ్డలు. ఒక్కో భాష ఒక్కో మెట్టు మీద ఆగింది. హిందీ లోకం దగ్గర ఆగింది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే అక్కడా లోకమే. బెంగాలీ, మరాఠీ, కన్నడ, మనం ఇంటిదాకా వచ్చేశాం. తమిళం ఇంకో మెట్టు దిగి ఇల్లాలి దగ్గర ఆగింది, ‘సంసారం’ అంటే అక్కడ భార్య. మన పెద్దవాళ్లు భార్యని ‘మా కుటుంబం’ అనడం లాంటిదే. సింహళంలో ‘ససర’ అసలు అర్థం మీదే నిలబడింది. మలయాళం మాత్రం పూర్తిగా పక్కదారి పట్టింది, అక్కడ సంసారం అంటే మాట్లాడటం. కేరళలో పనికి వెళ్లిన మనవాళ్లు ఎవరైనా "సంసారం వద్దు" అని వింటే కంగారుపడాల్సిన పనిలేదు, మాట్లాడొద్దన్నారంతే.

తెలుగులో మిగిలిన గుర్తు ఒకటుంది. "సంసారం ఈదుతున్నాడు" అంటాం. కాపురాన్ని ఎవరైనా ఈదుతారా? ఆ ఈత గీతలోని ‘మృత్యుసంసారసాగరాత్’ (12.7) నుంచి, సంసారం సముద్రం అనే పాత పోలిక నుంచి మిగిలింది. అర్థం ఇంటికి చేరినా క్రియ ఇంకా సముద్రంలోనే ఉంది. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అనే సామెత దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు కూడా ఆరిపోయాయి.

మాట సముద్రం కూడా దాటింది. మలయ్, ఇండోనేసియా భాషల్లో ‘సెంగ్సారా’ అంటే కష్టం, యాతన. థాయిలో ‘సొంగ్‌సాన్’ అంటే జాలి. సంసారంలో పడ్డవాణ్ని చూస్తే కలిగేది జాలే కదా, అర్థం అటు నడిచింది. మలయ్ వాళ్లు భారతీయుల్ని ‘కెలింగ్’ అనేవారు, కళింగ నుంచి వచ్చిన పేరది (ఇప్పుడది తిట్టు కింద లెక్క, వాడకండి). ఓడలు, బేరాలు, భిక్షువులు, వాళ్ల వెంట మాటలు.

ఇక ఇంగ్లీషు మాట. లాటిన్‌లో ‘ట్రాన్స్’ అంటే అవతలికి, ‘మిగ్రారె’ అంటే ఉండే చోటు మారడం. ఇందులో జన్మల ప్రసక్తి మొదట లేదు. లాటిన్ బైబిల్ మత్తయి సువార్తలో (1:17) ‘ట్రాన్స్‌మిగ్రాతియో’ అంటే యూదుల్ని బబులోనుకు తరలించుకుపోవడం, అచ్చంగా మనుషుల తరలింపు. ఆత్మల సంగతి తర్వాత చేరింది. గ్రీకులో జన్మలకి వేరే మాట ఉంది, ‘మెటెమ్‌సైకోసిస్’. దాని లోపల ఉన్నది ‘సైకే’, అంటే ప్రాణం, ఆత్మ. ప్రాణం మరొకదానిలో చేరడం అని అర్థం. అందులో ప్రయాణం మాట లేదు. కానీ ప్లేటో రాసిన సోక్రటీసు వాదనలో చావుని ‘మెటోయికేసిస్’ అంటాడు, ‘ఓయికోస్’ అంటే ఇల్లు, కాబట్టి ఇల్లు మారడం. గమనించండి, అది ఒక్కసారి మారడమే, మళ్లీ మళ్లీ పుట్టడం కాదు. పునర్జన్మ గురించి రాసేవాళ్లు ఈ రెండు గ్రీకు మాటల్నీ కలిపేయడం మామూలే.

అంత దూరం ఎందుకు, చావుని ప్రయాణం అనడానికి తెలుగుకి సంస్కృతం సాయం అక్కర్లేదు. ‘పోయాడు’ అంటే వెళ్లాడు, చనిపోయాడు కూడా. మన వైపు యాసలో "ఆడు పోనాడు" అని ఎవరైనా అంటే వినేవాడు "ఎక్కడికి?" అని అడగాలో, "అయ్యో, ఎప్పుడు?" అని అడగాలో ముఖం చూసి తేల్చుకోవాలి. వెనకటికి రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు. రంగం పోనాడు అన్నా పోనాడే, ఊరికే పోనాడు అన్నా పోనాడే. ఇక ‘మళ్లీ పుట్టడం’ చూడండి. తెలుగులో పునః అనడానికి ఉన్న మూడు మాటలూ మళ్లడం మీదే కట్టినవి: తిరుగు నుంచి తిరిగి, మరలు నుంచి మరల, మళ్లు నుంచి మళ్లీ. తిరుగు అంటే చుట్టూ తిరగడం, ఊళ్లు పట్టి తిరగడం, వెనక్కి రావడం, మూడూ. "తిరిగి పుట్టాడు" అన్న రెండు ముక్కల్లో సంసారం మొత్తం ఉంది. పండితులు దీన్ని పట్టించుకోకుండా పెద్ద సమాసాల కోసం వెతకడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

వలస సంగతి. ఇది సంస్కృతం కాదు, ద్రావిడ మాట. తమిళంలో ‘వలసై’, కన్నడంలో ‘వలసె’ దీని అప్పచెల్లెళ్లు. సంసారంతో రక్తసంబంధం ఏమీ లేదు. తెలుగులో దీనికి రెండు కొసలున్నాయి. ఒకటి పోవడం: చేపల వేటకి గుజరాత్‌లోని వీరావల్, కూలికి చెన్నై, హైదరాబాద్, వెనకటికి రంగం, ఖరగ్‌పూర్. రెండోది వచ్చి దిగడం: ఆమదాలవలస, కొత్తవలస, పాలవలస. ఊరి పేరు చివర వలస ఉందంటే ఎవరో ఎక్కడి నుంచో వచ్చి అక్కడ ఇళ్లు వేసుకున్నారని. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది మీ ఊళ్లోనే కదా. వలస వచ్చినవాళ్ల పేరున్న ఊళ్లో రైలెక్కి జిల్లా అంతా వలస వెళ్తోంది. ‘వలసపాలన’ అన్నప్పుడు ఇంకో అర్థం, అక్కడ వచ్చి దిగినవాడు ఏలినవాడు.

మీ వాక్యం ఎందుకు అతకలేదో ఇప్పుడు చెప్పొచ్చు. వలసకి సొంతూరు కావాలి. వలస వెళ్లినవాడికి వెనక ఒక ఊరుంటుంది, సంక్రాంతికి తిరిగొస్తాడు, రాకపోయినా ఆధార్ కార్డు మీద ఆ ఊరే ఉంటుంది. పైగా వలస మందిగా పోయేది, కరువో అప్పో తోస్తే పోయేది. సంసారానికి మొదటి ఊరు లేదు, అది ‘అనాది’ అంటారు శాస్త్రాల్లో. ఆత్మ ‘వలస’ వెళ్తుందంటే తెలుగు చదువరికి సంచీ, రైలూ కనిపిస్తాయి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. కవిత్వంలోనైతే ఆ సంచీనే అందం, అక్కడ నిక్షేపంగా రాయండి.

అనువాదంలో ఏది ఎక్కడ. వేదాంత గ్రంథమైతే ‘దేహాంతరప్రాప్తి’, గీతలోని మాటే (2.13), ఇంకో దేహాన్ని పొందడం. సిద్ధాంతం పేరుగా ‘పునర్జన్మ’ చాలు. ఆ నిరంతర భ్రమణం మొత్తాన్ని చెప్పాలంటే ‘సంసారం’ వాడొచ్చు, కానీ మొదటిసారి వచ్చినప్పుడు ‘జనన మరణాల సంసారం’ అని విడమర్చండి, లేకపోతే సగం మంది కాపురం అనుకుంటారు. ‘సంసరణం’ అని రాస్తే ఆ పేచీ ఉండదు, కాస్త బరువనిపిస్తుంది, అంతే. కథల్లో, మామూలు వ్యాసంలో ‘మరుజన్మ’, ‘తిరిగి పుట్టడం’. గ్రీకుల నమ్మకం గురించైతే ‘ఆత్మ దేహం మారడం’ అని తేటగా రాసేయండి. పక్కన ఉన్నాయి కదా అని వాడకూడనివి మూడు. ‘అవతారం’ కిందికి దిగడం (తౄ ధాతువు), కర్మ తోసిన పుట్టుక కాదు. ‘పరకాయప్రవేశం’ బతికున్నవాడు ఇంకో శరీరంలో దూరడం. ‘పునరుత్థానం’ చనిపోయినవాడు లేవడం, క్రైస్తవ గ్రంథాల మాట, దాన్ని పునర్జన్మ అంటే రెండు మతాల వాళ్లూ మీ మీద పడతారు.

రాతలో ఒక తప్పు తరచూ దొర్లుతుంది: ‘పునఃజన్మ’. మాట అసలు రూపం పునర్. తర్వాత జ, భ, ద లాంటి నాదాక్షరమో, అచ్చో వస్తే రేఫ నిలుస్తుంది: పునర్జన్మ, పునర్భవం, పునరపి. ప, క లాంటివి వస్తే విసర్గ: పునఃప్రారంభం. మీరు పంపిన పేరాలో మూడు చోట్ల పునఃజన్మ అని ఉంది, అవి దిద్దుకోండి. వాక్యం మటుకు ఇలా ఉంచితే సరిపోతుంది: "ఆత్మ ఒక దేహాన్ని విడిచి మరో దేహాన్ని పొందుతుంది."